ఆపరేషన్ పశుపతినాథ్ స్పెషల్

బళ్లారి కంటోన్మెంటులో ‘భూసార పరీక్షా కేంద్రం’ అని బోర్డు తగిలించుకున్న పాత బంగళా ఒకటుంది. పరీక్షకని మట్టి పట్టుకుని ఏ రైతూ ఆ గేటు దాటిన దాఖలా లేదు. వచ్చేవాళ్లంతా ఇస్త్రీ ప్యాంట్లవాళ్లే. ముందు గుమ్మంలోంచి వస్తారు, వెనక గుమ్మంలోంచి పోతారు.

1978 ఏప్రిల్ పదమూడు, గురువారం ఉదయం పదిగంటలకు ఆ బంగళా లోపలి గదిలో, ఫ్యాను కింద, ఏజెంట్ మాధవ కూర్చున్నాడు. వయసు ముప్పై అయిదు. ఆరు భాషలు మాట్లాడతాడు. వట్టి చేతులతో మనిషిని పడగొట్టే పద్ధతులు పదకొండు తెలుసు. ఎదురుగా చీఫ్ వెంకటరామి. ఆయన ముఖంలో ఎప్పుడూ ఏదీ కనిపించదు. ఆ రోజు మాత్రం దిగులు కనిపించింది.

“ఢిల్లీ రికార్డ్స్ సెక్షన్‌లో ఒక గుమస్తా దొరికాడు,” అన్నాడు చీఫ్. “దొరికేలోపల ఒక జాబితాను మైక్రోఫిల్మ్ తీశాడు. సైజు మిరియపు గింజంత. కాపీ లేదు, అదొక్కటే. అది ‘గ్రే హౌస్’ చేతికి పోయింది.”

గ్రే హౌస్ అంటే విదేశీ గూఢచారి ముఠా. మాధవ దానితో నాలుగేళ్లుగా తలపడుతున్నాడు.

“జాబితాలో ఏముంది?”

“పదకొండు పేర్లు. పరాయి దేశాల్లో దొంగ పేర్లతో బతుకుతున్న మన మనుషులు. అసలు పేరు, దొంగ పేరు, వీధి, ఇంటి నంబరు.”

మాధవ ముందుకు వంగాడు. “హంపన్న?”

“నాలుగో పేరు.”

హంపన్నదీ మాధవదీ ఒకే ఊరు, తెక్కలకోట. ఒకే బడి, ఒకే బెంచి. హంపన్న కళ్లద్దాల అంగడి పెట్టుకుని హాయిగా ఉండేవాడు. “దేశానికి పనికొస్తావు, రా” అని చెయ్యి పట్టి ఈ ఉద్యోగంలోకి లాక్కొచ్చింది మాధవే. ఇప్పుడు హంపన్న పరాయి రేవు పట్నంలో ఇంకో పేరుతో కళ్లద్దాలు అమ్ముతున్నాడు. అక్కడే పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు. నాన్న అసలు పేరేమిటో ఆ పిల్లలకు తెలియదు. ఆ ఫిల్ము శత్రువుకు చేరితే వారం లోపల ఆ ఇంట్లో దీపం పెట్టేవాళ్లుండరు.

“ఫిల్ము కాఠ్మాండూ పోతోంది,” చీఫ్ చెప్పుకుపోయాడు. “ఎయిర్‌పోర్టులన్నీ మూసేశాం. అందుకని ఎవడూ కన్నెత్తి చూడని దారి పట్టారు. బళ్లారి నుంచి బయల్దేరే యాత్రా బస్సు. కాశీ, గయ, పశుపతినాథ్ స్పెషల్. అత్తాకోడళ్లు, ఊరగాయ జాడీలు. సరిహద్దులో ఆ బస్సును ఎవడూ సోదా చెయ్యడు. గుమస్తా కక్కింది ఆ బస్సు పేరొక్కటే. కొరియర్ ఎవరో వాడికీ తెలియదు.”

“మనమే సోదా చేయిస్తే?”

“వాసన తగిలిందంటే మనిషి బస్సెక్కడు, ఇంకో దారిన పోతాడు. ఆ దారి మనకు తెలియదు. కాబట్టి యాత్రికుడిలా బస్సెక్కు. రక్సౌల్ సరిహద్దు గేటు దాటేలోపల వాణ్ణి పట్టుకో. టికెట్లిచ్చేది బెంగళూరు రోడ్డు బజారులో విరూపాక్షయ్య అనే ట్రావెల్ ఏజెంట్. జాగ్రత్త.”

“వాడూ గ్రే హౌస్ మనిషేనా?”

“కాదు. చాలా పద్ధతి గల మనిషి,” అన్నాడు చీఫ్, దానికే ఎక్కువ దిగులు పడుతున్నట్టు.

* * *

విరూపాక్షయ్య యాత్రా సర్వీసు ఒక బట్టల అంగడికీ ఒక పాత్రల అంగడికీ మధ్య ఇరుక్కుని ఉంది. గోడ మీద నల్లబోర్డు, దాని మీద సుద్దముక్కతో గీసిన నలభై గళ్లు. అదే బస్సు. ప్రతి గడిలోనూ ఒక పేరు. ఆ బోర్డు ముందు నల్లటోపీ, బంగారు ఫ్రేము కళ్లద్దాలు పెట్టుకున్న అరవై ఏళ్ల మనిషి నిలబడి, ఒక పేరు తుడిచి ఇంకో గడిలో రాస్తున్నాడు. మూడు తరాలుగా ఆ వర్తక కుటుంబం ఈ జిల్లా జనాన్ని కాశీకి తీసుకుపోయి తీసుకొస్తోంది. ఇంతవరకు ఒక్కరినీ పోగొట్టుకోలేదు.

“ఒక సీటు కావల్ల సామీ. ముందర వరసలో, కిటికీ పక్కన,” అన్నాడు మాధవ. పంపుసెట్ల కంపెనీ సేల్స్ మేనేజర్ వేషం. అతికించిన మీసం, జీరో నంబరు కళ్లద్దాలు.

విరూపాక్షయ్య వెనక్కి తిరిగాడు. “ఒక్క సీటా? ఒక్కనివే వస్తాండావా అప్పా?”

“అవును.”

“ఇంటామె?”

“లేదు.”

“ఎన్నాళ్లయింది పోయి?”

“పోలేదు సామీ. పెండ్లే కాలేదు.”

విరూపాక్షయ్య జాలిగా చూశాడు. “అట్లయితే పెండ్లి చేసుకోని రా. సీట్లు పట్టి పెడతా. బుధవారం బస్సు.”

మాధవ నవ్వాడు. ఆయన నవ్వలేదు. “మా బస్సులో అంతా సంసారస్తులు. ఒంటి మొగోనికి సీటిచ్చేది మా తాత కాలం నుంచి లేదు. తల్లినో, చెల్లెలినో, ఎవరినో ఒక ఆడమనిషిని తోడు తెచ్చుకో. అంతే.”

ఎన్నో సరిహద్దులు దొంగ పాస్‌పోర్టుతో దాటిన మనిషి ఆ అంగడి గడప దాటి బయటికి వచ్చి, ఎండలో కాసేపు ఊరికే నిలబడ్డాడు. తర్వాత చీఫ్‌కు ఫోన్ చేసి, “నాకొక భార్య కావాలి, అర్జెంట్,” అన్నాడు.

భార్య శుక్రవారం ఉదయం స్టేషన్ రోడ్డులో ఒక కాఫీ హోటల్లో దొరికింది. పెద్ద నల్ల కళ్లద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర, మెడలో కొత్త తాళి.

“కాశీలో ఎండ ఎక్కువంటారు,” అన్నాడు మాధవ.

“గంగ పక్కనే ఉందిగా,” అందామె. కోడ్ సరిపోయింది.

పేరు పంకజాక్షి. డబుల్ ఏజెంట్. రెండేళ్లుగా గ్రే హౌస్ లోపల మన మనిషి. గ్రే హౌస్ లెక్కలో మాత్రం మన ఆఫీసు లోపల వాళ్ల మనిషి. “నిజంగా ఎవరి మనిషో నాకు తెలియదు,” అని చీఫ్ ముందే చెప్పాడు. “కానీ ఇంత తొందరగా ఇంకో భార్యను ఎక్కణ్ణుంచి తెచ్చేది?”

“కొరియర్ ఎవరు?” అడిగాడు మాధవ.

“నాకు చెప్పలేదు. మా బాస్‌కు ఆడవాళ్ల మీద నమ్మకం తక్కువ.” ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి నమ్మినవాళ్లు ఇద్దరు ఇప్పుడు బతికి లేరని మాధవకు తెలుసు.

మధ్యాహ్నానికి మొగుడూ పెళ్లాలుగా అంగడి మెట్లెక్కారు. విరూపాక్షయ్య పొంగిపోయాడు. ఒక రోజులో పెళ్లెలా అయిందని అడగలేదు. అడగాల్సినవి ఆయనకు వేరే ఉన్నాయి.

“బస్సులో వాంతులు ఎవరికయితాయి? రాత్రి అన్నమా, ఫలారమా? ఉల్లిగడ్డ తింటారా? పంటి నొప్పి, కడుపు నొప్పి, ఏమన్నా ఉండాదా? గోత్రం ఏంది? సొంతూరు యాడ?”

ఒకప్పుడు పరాయి దేశపు జైలు గదిలో తొమ్మిది రోజులు తలకిందులుగా వేలాడదీసినా మాధవ ఊరి పేరు చెప్పలేదు. ఇక్కడ నలభై నిమిషాల్లో ఊరు, గోత్రం, ఎడమ దవడ పన్ను, చిన్నప్పటి కామెర్లు, అన్నీ చెప్పేశాడు. చెప్పేదాకా ఆ మనిషి పెన్సిల్ ఎత్తుకుని ఎదురు చూస్తాడు. అది తట్టుకోవడం ట్రైనింగ్‌లో నేర్పలేదు.

“సీట్లు ముప్పై ఒకటి, ముప్పై రెండు,” అన్నాడు చివరికి విరూపాక్షయ్య.

“అది చక్రం మీద కదా సామీ! ముందర ఇయ్యండి.” ముందర కూర్చుంటే ఎవరు ఎక్కినా దిగినా కనిపిస్తారు.

“ముందర ముసలోళ్లకి. మీరు వయసులో ఉండారు, స్వల్ప అడ్జస్ట్ చేసుకోండప్పా.”

“నా సీటు కావాలంటే తీసుకో నాయనా,” అన్నదొక మెత్తని గొంతు. బల్ల మీద కూర్చున్న పెద్దాయన. నుదుట గంధం, మెడలో తులసిపూసలు. చిత్రదుర్గ నుంచి వచ్చిన పప్పుల వర్తకుడు, పేరు కేశవమూర్తి. చెవులు సరిగా వినపడని పిన్నమ్మను కాశీకి తీసుకుపోతున్నాడు. అంగడికి వచ్చినవాళ్లందరికీ కలకండ పంచుతున్నాడు. ఆయన మంచితనానికి మాధవ సిగ్గుపడి, వద్దులెండి అన్నాడు.

* * *

బస్సు బుధవారం ఉదయం. కానీ కాశీ ఉత్తరాన ఉంది. మంగళ, బుధవారాలు ఉత్తర దిక్కుకు వారశూల, ప్రయాణం పనికిరాదు. పర్మిట్ ఏమో బుధవారానికే వచ్చింది. ప్రభుత్వానికి శూల తెలియదు. విరూపాక్షయ్య కుటుంబానికి దీనికొక ఉపాయముంది. దాని పేరు ప్రస్థానం. మంచి గడియలో మనిషి బయల్దేరలేకపోతే, మనిషి బదులు అతని మూట బయల్దేరుతుంది. పోవలసిన దిక్కులో ఇంకొకరింట్లో దాన్ని ఉంచుతారు. మూట బయల్దేరితే మనిషి బయల్దేరినట్టే. ఆ తర్వాత ఏ రోజున పోయినా దోషం లేదు.

అందుకని సోమవారం పదిగంటల ఇరవై నిమిషాలకు మాధవ దిగిన లాడ్జి ముందు ఒక మెటడార్ వ్యాను ఆగింది. అందులోంచి విరూపాక్షయ్య అక్క రామక్క దిగింది. యాత్రలో వంట, ఆడవాళ్లు, ఆచారం, మూడూ ఆమె చేతిలోనే. డెబ్బై ఏళ్లకు దగ్గర పడినా గొంతు మాత్రం తగ్గలేదు.

“ప్రస్థానం మూట తియ్యండమ్మా. గడియ దాటిపోతాండాది.”

పంకజాక్షి బట్టల సంచి ఒకటి అందించింది. రామక్క దాన్ని ముట్టుకోలేదు. గదంతా చూసింది, మాధవను చూసింది. తర్వాత నేరుగా పోయి మంచం పక్కనున్న నల్ల సూట్‌కేసు పట్టుకుంది.

మాధవ ఒక అడుగు ముందుకు వేశాడు. అందులోనే ఉంది సర్వస్వం. పౌడరు డబ్బాలో పిస్టల్, ట్రాన్సిస్టర్‌లో వైర్‌లెస్, సిగరెట్ లైటర్‌లో కెమెరా, మత్తు వాయువు చిమ్మే పెన్ను.

“అది వద్దక్కా! బరువు. ఈ సంచి తీస్కపోండి.”

“నేను వచ్చినప్పట్నుంచి నీ కండ్లు దీని మీదనే ఉండాయి కదప్పా. మనసు దేంట్లో ఉండాదో అదే ముందు పోవల్ల. సంచి పోతే సంచే పోతాది, నువ్వు పోవు.”

సూట్‌కేసుకు పసుపు పెట్టింది, చీటీ కట్టింది, వ్యానులోకి ఎక్కించింది. వద్దని గట్టిగా అంటే వేషం పోతుంది. లాక్కుంటే యాత్రే పోతుంది. మాధవ చేతులు ఊరికే పైకి లేచి కిందికి దిగాయి. వ్యాను సిరుగుప్ప రోడ్డున పడి ఉత్తరానికి పోయింది.

“చాలా పెద్ద ఆపరేషన్లు చూశాను,” అంది పంకజాక్షి కిటికీలోంచి చూస్తూ. “ఇంత నేర్పుగా ఆయుధాలు లాక్కోవడం ఎక్కడా చూడలేదు.”

మంగళవారం పొద్దున్నే మాధవ సిరుగుప్ప బస్సెక్కాడు. ఆయుధం లేకుండా కొరియర్‌తో ఒకే బస్సులో ఎక్కడమంటే హంపన్నను చేతులారా చంపుకోవడమే అనిపించింది. తెక్కలకోటలో బస్సాగినప్పుడు ఎవరైనా పోలుస్తారేమోనని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు అంచులోంచి బడి ప్రహరీ కనిపించింది. హంపన్నను ఈ ఉద్యోగానికి ఒప్పించింది ఆ గోడ మీద కూర్చునే.

మూటలన్నీ సిరుగుప్పలో రామక్క మొగుడు తిమ్మప్ప రైస్‌మిల్లులో ఉన్నాయి. చెక్కల మీద వరసగా ఇరవై కుటుంబాల మూటలు ఇరవై. ఆ వరస ముందు బెంచి వేసుకుని తిమ్మప్ప కూర్చున్నాడు.

“ఒక్కసారి నా సూట్‌కేసు తీసుకపోవల్ల మామా. మల్లా రేపు తెస్తా.”

తిమ్మప్ప భయంగా చూశాడు. “అంత మాట అనగాకు. ప్రస్థానం మూట వెనక్కి ఇల్లు చేరితే పయనం చెడినట్లే. నీ ఒక్కందే కాదు, బస్సందరిదీ. ఈ కతలు తెలీనోళ్లు కూడా ఈ జిల్లాలో ఉండారా?”

“మా ఇంట్లో సేద్యం మామా. యాత్రలు తెలీవు.”

“తెలీకనే అడిగితివి, సరి. నేను ఇచ్చినానంటే మా ఆడమనిషి నన్ను గడప తొక్కనీదు. కూర్చో, మజ్జిగ తాగు.”

పదకొండు పద్ధతుల్లో ఏ ఒక్కటి వాడినా తిమ్మప్ప రెండు సెకన్లలో పడిపోయేవాడు. కానీ ఆయన చెంబు చల్లటి మజ్జిగ తెచ్చి చేతిలో పెట్టి, ఉప్పు సరిపోయిందా అని అడిగాడు. మాధవ మజ్జిగ తాగి బళ్లారి బస్సెక్కాడు. కళ్లలో నీళ్లు తిరిగినంత పనయింది.

* * *

బుధవారం ఎనిమిదింటికి కొబ్బరికాయ కొట్టి బస్సు కదిలింది. మాధవ చక్రం మీద సీటులో ఎగిరెగిరి పడుతూ ముందున్న ముప్పై తలలనూ వెనక నుంచి చూస్తున్నాడు. తొమ్మిదో సీటు లావుపాటి ఆయన ఒక డబ్బాను ఒళ్లోంచి దించడం లేదు. దొరికాడనుకుని నీళ్ల కోసమన్నట్టు ముందుకు పోయి వాసన చూశాడు. గోంగూర పచ్చడి. ఆయన ప్రేమగా ఒక ముద్ద కూడా పెట్టాడు.

తొమ్మిదిన్నరకు బస్సు తిమ్మప్ప మిల్లు ఆవరణలో ఆగింది. ఒకవైపు వడ్లు ఉడకబెట్టే బాయిలర్, దాని కింద ఊక మంట. అందరూ దిగారు. రామక్క చీటీలు చదువుతుంటే తిమ్మప్ప మూటలు అందిస్తున్నాడు. పంతొమ్మిదైనాక ఆగాడు.

“ఒకటి తక్కువుండాది.”

“నాదే నాయనా,” అన్నాడు కేశవమూర్తి చిరునవ్వుతో. ఆయన చేతిలో గోధుమరంగు సంచి. “నిన్ననే తెచ్చుకున్నా. బీపీ మాత్రలు ఇందులో ఉండిపోయినాయి.”

మిల్లు హమాలీ భీమప్ప తల గోక్కున్నాడు. “మీరు అన్నానికి పోయినప్పుడు వచ్చినాడు సామీ. పానం పోతాండాదంటే ఇచ్చేస్తి.”

ఎవరో ముసలామె “అయ్యో” అంది. రామక్క మెల్లగా దగ్గరికి వచ్చింది.

“మాత్రలు తీసుకోని సంచి ఈడనే పెట్టొచ్చు కదప్పా?”

“తోచలేదమ్మా.”

“బళ్లారికి తీస్కపోతివా? గదిలోకి?”

“రాత్రి తలకింద పెట్టుకుని పడుకున్నా. అందులో తప్పేముంది?”

తలలో దీపం వెలిగినట్టయింది మాధవకు. పప్పుల వర్తకుడు, గంధం, తులసిపూసలు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు ప్రాణం మీదికి వచ్చినా ప్రస్థానం మూటను వెనక్కి తేడు. ఆ వేషం కట్టడానికి గ్రే హౌస్ బొట్టు నేర్పింది, భాష నేర్పింది, కలకండ పంచడం కూడా నేర్పింది. ఇది నేర్పలేదు. కొరియర్ కళ్లు ఎటున్నాయో చూసి రామక్క ఎత్తుకుపోయింది వాడి మనసున్న సంచినే. దాన్ని వదిలి రెండు రాత్రులు పడుకోవడం వాడి వల్ల కాలేదు.

విరూపాక్షయ్య సీట్ల పట్టీ తీసి ఒక పేరు కొట్టేశాడు. “పెద్దోళ్లు, మిమ్మల్ని అనకూడదు. కానీ మీరు ఈ బస్సెక్కేది లేదు. ముప్పైతొమ్మిది మంది పానాలు నా చేతిలో ఉండాయి.”

“అంతేలే,” అంది గోంగూరాయన భార్య. “ఆయన ఎక్కితే మేం దిగుతాం.”

కేశవమూర్తి బతిమాలాడు, నవ్వాడు, చేతులు జోడించాడు. ఎవరూ కరగలేదు. అప్పుడాయన సంచిలోంచి ఒక ఇత్తడి కుంకుమ భరిణె తీసి, నేరుగా పంకజాక్షి దగ్గరికి వచ్చాడు.

“నా రాత ఇంతే తల్లీ. నువ్వైనా దీన్ని పశుపతినాథుని గుడికి చేర్చు. అక్కడ మావాళ్లు వచ్చి అడుగుతారు. మాది బూడిదరంగు ఇల్లు.”

బూడిదరంగు ఇల్లు. గ్రే హౌస్. పంకజాక్షి నల్ల కళ్లద్దాలు ఒకసారి సర్దుకుంది. భరిణె అందుకుంది.

“తప్పకుండా చేరుస్తాను,” అంది.

మాధవ సూట్‌కేసు వైపు దూకబోయాడు. దాని మీద రామక్క చెయ్యి ఉంది. “దీనికింకా హారతి కాలేదు, ముట్టుకోకప్పా.” వెనక్కి తిరిగేసరికి పక్కటెముకల మీద గట్టిగా ఏదో గుచ్చుకుంది. కేశవమూర్తి ఆలింగనం చేసుకుంటున్నట్టు ఆనుకుని నిలబడ్డాడు. కండువా కింద పిస్టల్.

“మీరెవరో నాకు మొదటి రోజే తెలుసు సార్,” అన్నాడు చెవిలో, అదే మెత్తని గొంతుతో. “ఆమె మా మనిషి. బుద్ధిగా బస్సెక్కి ఆమె పక్కన కూర్చోండి. అరిస్తే ముందు పోయేది ఈ ముసలమ్మలే.”

మాధవ అరవలేదు. చుట్టూ పసుపు పూసిన మూటలు పట్టుకుని ఆడవాళ్లు, ముసలివాళ్లు. పది అడుగుల దూరంలో పంకజాక్షి భరిణెతో బస్సు వైపు నడుస్తోంది. ఆ భరిణెలో హంపన్న ఉన్నాడు, అతని ఇద్దరు పిల్లలున్నారు. “నేనే తీసుకొచ్చాను వాణ్ణి, నేనే” అనే మాట తప్ప మాధవకు ఇంకేమీ తోచలేదు. అంత చేతకానితనం అతనికి జీవితంలో ఎప్పుడూ తెలియదు.

పంకజాక్షి బస్సు మెట్టు మీద కాలు పెట్టింది.

“ఏందమ్మా అది చేతిలో?” రామక్క గొంతు.

“ఆ పెద్దాయన ఇచ్చారు అక్కా. గుడికి.”

“వెనక్కి పోయిన మూటలోదా? దాన్ని నా బస్సెక్కిస్తావా?”

పంకజాక్షి ఏదో అనబోయింది. రామక్కకు మాటలు వినే అలవాటు లేదు. భరిణె లాక్కుంది, నాలుగడుగులు వేసింది, బాయిలర్ కింది ఊక మంటలోకి విసిరేసింది. మూత ఊడింది. కుంకుమ ఎర్రగా లేచింది. దాని మధ్య నల్లటి గింజ ఒకటి చిటపటమని, ముడుచుకుని, బూడిదైంది. ఫిల్ము కాలిన వాసన గుప్పున వచ్చింది.

కేశవమూర్తి కేక పెట్టాడు. అది తెలుగు కాదు, కన్నడం కాదు, ఆవరణలో మాధవకు తప్ప ఎవరికీ తెలిసిన భాష కాదు. ఆ కేకలో పిస్టల్ పక్కటెముకల మీంచి అంగుళం జరిగింది. ఆ అంగుళం చాలు. మాధవ మోచెయ్యి మణికట్టు మీద పడింది. పిస్టల్ పేలి, గుండు ఒక వడ్ల బస్తాలో దిగింది. కేశవమూర్తి గేటు వైపు పరుగెత్తాడు. భుజం మీద బస్తా ఉన్న భీమప్పకు జరుగుతున్నదేమిటో తెలియదు కానీ, తనను మోసం చేసి సంచి తీసుకుపోయినవాడు పారిపోతున్నాడని మాత్రం తెలిసింది. బస్తా దించాడు, నేల మీద కాదు, కేశవమూర్తి మీద. పైన తనూ కూర్చున్నాడు.

మాధవ మంట ముందు నిలబడి ఏడ్చాడు. దాచుకోలేదు. హంపన్న బతికాడు, పదకొండు మందీ బతికారు, అందులో తను చేసింది ఏమీ లేదు.

“పొగ తగిలిందా?” అంది రామక్క. “అట్ల జరుగు.”

పోలీసులు వచ్చారు. తుపాకీ దొంగ అని రాసుకుని కేశవమూర్తిని జీపులో వేశారు. ఆయన పిన్నమ్మను అడిగితే, “ఈయప్ప ఎవరో నాకు తెలీదు నాయనా. కాశీ చూపిస్తానన్యాడు, వచ్చినా,” అంది. ఆమె సీటు అలాగే ఉంచారు.

మాధవ మిల్లు ఫోన్లో చీఫ్‌తో మాట్లాడి, మీసం సర్దుకుని, విరూపాక్షయ్య దగ్గరికి వచ్చాడు. “సామీ, ఆఫీసులో అర్జెంటు పని. నా సూట్‌కేసు ఇస్తే బళ్లారికి పోతా.”

ముప్పై ఎనిమిది మంది తలలు ఒక్కసారి తిరిగాయి. విరూపాక్షయ్య పెన్సిల్ ఎత్తుకుని ఎదురు చూశాడు.

“నాయనా,” అంది చెవిటి ముసలామె, ఏం జరుగుతోందో ఎలా తెలిసిందో మరి, “నేను గంగను చూసేది ఉండాదా లేదా?”

మాధవ బస్సెక్కాడు.

కిటికీ పక్కన పంకజాక్షి ముందే కూర్చుని ఉంది. బస్సు రాయచూరు రోడ్డెక్కాక అతను అడిగాడు. “నిజం చెప్పు. రామక్క లాక్కోకపోతే ఆ భరిణె ఎవరికిచ్చేదానివి?”

“ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి,” అందామె కళ్లద్దాలు తీయకుండా. “రోజూ ఒకసారి అడుగుతూ ఉండండి.”

నాగపూర్ సత్రంలో చీఫ్ టెలిగ్రాం అందింది. యాత్రికుల ఉత్తరాలు, టెలిగ్రాములు అన్నీ ముందు విరూపాక్షయ్య చేతికే వస్తాయి. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, అందరి ముందూ పైకి చదివాడు. ‘హంపన్న అంగడి రోజులాగే తెరిచాడు. అందరూ క్షేమం. వెంటనే తిరిగి రా.’

“హంపన్న ఎవరప్పా?”

“మా ఊరోడు సామీ.” మాధవ టెలిగ్రాం అందుకున్నాడు. “కండ్లద్దాల అంగడి.”

“మంచిది. క్షేమమే కదా. ఇంక తిరిగి పోయేదేముండాది? జవాబు నేనిస్తాలే, నువ్వు స్నానానికి పో.”

మరునాడు కంటోన్మెంటు బంగళాకు ఒక టెలిగ్రాం చేరింది. ‘మాధవ క్షేమం. ఇల్లాలు క్షేమం. వాంతులు లేవు. మే పన్నెండున అప్పజెప్పుతాం. విరూపాక్షయ్య.’

చీఫ్ దాన్ని రెండుసార్లు చదివి డీకోడింగ్ సెక్షన్‌కు పంపాడు. మూడు రోజులు కష్టపడినా వాళ్లు దాన్ని ఛేదించలేకపోయారు.